మన చేతిలో కత్తి ఎందుకుంది?
(దళిత కూలీల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మమ్మల్ని మాట్లాడమన్న విషయం కత్తి. ఆ మాట వినగానే మీలో కొంతమంది నవ్వారు, కొంతమంది తలుపు వైపు చూశారు. రెండూ మాకు అర్థమయ్యాయి. ఊళ్లో చిన్న గొడవ రేగినా పోలీసు జీపు ముందుగా వచ్చి ఆగేది మన పల్లె ముందే. "కత్తులు ఎక్కడ దాచార్రా?" అనేదే మొదటి ప్రశ్న. చూరులో దోపిన కొడవలి, గోడకి ఆనించిన గొడ్డలి, ఆడోళ్లు చేపలు కోసుకునే కత్తిపీట, మూల పడున్న గడ్డపలుగు అన్నీ ఒకచోట కుప్ప పోసి ఫోటో తీస్తారు. తెల్లారి పేపర్లో "దళితవాడలో మారణాయుధాలు స్వాధీనం" అని అచ్చవుద్ది. ముందు రోజు పొద్దుగూకేదాకా అదే కొడవలి ఆసామి చేలో వరి కోసింది. ఆ చేలో ఉన్నంతసేపూ అది పనిముట్టే. గట్టు దాటి మన చూరులోకి వచ్చేసరికి మారణాయుధం అయింది. ఇనుము అదే, పదును అదే, పిడి అదే. మరి మారిందేంటి? ఎవరి ఇంట్లో ఉందన్నదే మారింది. మేం మాట్లాడబోయేదంతా దీని గురించే.

అసలు మనోళ్ల చేతిలో కత్తి ఎందుకుంటుంది? ఈ ప్రశ్న మనల్ని ఎవరూ మర్యాదగా అడగలేదు కాబట్టి మనమే జవాబు చెప్పుకుందాం. పొద్దున్నే గేదెకి గట్టుగడ్డి కోయాలి, కొడవలి కావాలి. పొయ్యిలోకి తుమ్మకంప కొట్టాలి, కత్తో గొడ్డలో కావాలి. తాటాకు ఇల్లు నేయాలన్నా, పందిరి వేయాలన్నా, వెదురు చీల్చాలన్నా, కొబ్బరికాయ ఒలవాలన్నా కత్తే. పాలేరు రాత్రిపూట చేనికి నీళ్లు పెట్టడానికి పోతే చేతిలో కర్రా, మొలలో కత్తీ ఉంటాయి. పాము ఉంటది, పంది ఉంటది, కాలువకి అడ్డంపడ్డ కంప ఉంటది. తాడిచెట్టు ఎక్కే గీతన్నకి మోకు, ముస్తాదు, గీతకత్తి మూడూ లేకపోతే ఆ పూట కూడు లేదు. ఎరుకల అక్క బుట్ట అల్లాలంటే ముందు వెదురుని బద్దలుగా చీల్చాలి, ఆ బద్దని మళ్లీ నారలాగా సన్నం చేయాలి. కత్తి మీద చెయ్యి తిరిగితే తప్ప ఆ పని రాదు. బుట్ట కొనుక్కునేవాళ్లు ఆ చేతి నేర్పు చూడరు, మొలలో కత్తి మాత్రం చూస్తారు.

మాదిగ ఇంట్లో ఆరె, రంపె, గూటం ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్లల్లో లేవు, ముసలాళ్లని అడగండి, ఎక్కడో అటక మీద ఉంటాయి. రంపె చెప్పులు కుట్టే తోలు కోసేది. తోలుకి తంగేడు చెక్క పెట్టి, లందలో నానేసి, ఎన్నో రోజులు కంపు భరించి పదును చేసిన మనిషి ఆ తోలుని ఆఖరికి రంపెతో కోసి చెప్పు చేశాడు, వారు చేశాడు, మోట బొక్కెన చేశాడు. కరెంటు మోటార్లు రాకముందు బావి కింద పండిన ప్రతి పంటకీ మోట బొక్కెన నీళ్లు పోసింది. అంటే ఆ పంట వెనకాల రంపె ఉంది. ఊరు అన్నం తిన్నది, రంపెని అంటరానిది అన్నది.

ఆ రంపె పట్టిన చేతికి ఈ కాలంలో ఏమయిందో చూడండి. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని పట్టుకుని, కారుకి కట్టేసి, రాడ్లతో కొట్టి, వాళ్లే వీడియో తీసి ఊరేగించారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన అమలాపురంలో అదే పని జరిగింది. కరెంటు కొట్టి చచ్చిన ఆవుని తోలు తీస్తున్న అన్నదమ్ములిద్దర్ని చెట్టుకి కట్టేసి కొట్టారు. ఆవుని చంపింది కరెంటు. కానీ కత్తి ఉన్నది మాదిగోడి చేతిలో. అంతే, సాక్ష్యం సరిపోయింది! గుజరాత్‌లో మనోళ్లు దీనికి మంచి జవాబే ఇచ్చారు. చచ్చిన గొడ్లని బళ్లల్లో తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు దింపి, మీ గొడ్డుని మీరే చూసుకోండి అని కత్తి కింద పెట్టేశారు. కత్తి పట్టడం నేరమైతే కత్తి దించడం సమ్మె అవుద్దని వాళ్లు చూపించారు.

ఆడోళ్ల సంగతి వేరే చెప్పాలి. కోతలకి పోయే ఆడమనిషి కొడవలిని చంకలో పెట్టుకునో, కొంగులో చుట్టుకునో తిరిగి వస్తది. పొద్దుగూకి చీకటి పడేవేళ ఒంటరిగా గట్టు మీద నడిచేటప్పుడు ఆ కొడవలి కొంగులో ఉంటే ఒక ధైర్యం. దాన్ని ఎవరి మీదా ఎత్తనక్కర్లేదు, ఉందని తెలిస్తే చాలు. ఈ మాట ఆడోళ్లు మీటింగుల్లో చెప్పరు, నాట్లకాడ చెప్పుకుంటారు. వరికోత మిషన్లు వచ్చాక కూలీ పోయింది, దాంతోపాటు కోతలకి ముందు కమ్మరి కొలిమి కాడ కొడవళ్లకి కక్కు కొట్టించుకోవడానికి బారులు తీరడం కూడా పోయింది. కమ్మరి కూడా ఇప్పుడు లారీ కమాను పట్టీ ముక్కలతో అడిగినోడికి కత్తి చేసిస్తున్నాడు, లేదంటే ఊరు వదిలి వెల్డింగు షాపులో చేరాడు. మనకీ కమ్మరికీ మధ్య మంచీ చెడూ రెండూ ఉన్నాయి, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇప్పుడు వేట. వేట అంటే మన పాలకులకి రెండు బొమ్మలే తెలుసు. ఒకటి పులి మీద కాలు పెట్టి ఫోటో దిగిన రాజుగారు, రెండోది దొంగతనంగా జింకని కొట్టిన గిరిజనుడు. మొదటి బొమ్మ కోటల్లో గోడకి వేలాడుతుంటది. రెండోది స్టేషన్లో. యానాదులు పొలంగట్ల మీద ఎలుక బొక్కలకి పొగబెట్టి, తవ్వి ఎలుకల్ని పడతారు. ఎలుకలు పోతే లాభం రైతుకి, యానాదికి దక్కింది ఆ పూట కూర, బొక్కలో ఎలుక దాచుకున్న నాలుగు వడ్ల కంకులు. పంటని కాపాడిన మనిషికి దండ వేయాల్సింది పోయి "ఎలుకలు తినేవాళ్లు" అని పేరు పెట్టారు.

నల్లమలలో చెంచుల సంగతి ఇంకా ఘోరం. కొండతేనె పట్టుని కోయాలంటే తాడూ, పొగా, కత్తీ కావాలి. గడ్డలు తవ్వాలన్నా, దారిలో కంప కొట్టాలన్నా కత్తి కావాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో "ఆయుధం" అంటే ఏమిటో ఒక జాబితా రాశారు. తుపాకీ, మందుగుండు రాశారు, సరే. విల్లు, బాణం, వల, ఉచ్చు, కొక్కెం రాశారు. కత్తి కూడా రాశారు. అదే చట్టం 31వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యం అయింది, 1983లో పులుల ప్రాజెక్టులోకి పోయింది. అప్పటికే ఆ అడవిలో చెంచు పెంటలు ఉన్నాయి. పుట్టిన పెంటలో, తాత తిరిగిన బాటలో మొలకి కత్తి కట్టుకుని నడవాలంటే పట్నంలో ఉండే పెద్ద ఆఫీసరు చీటీ కావాలన్నమాట! 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి తేనె, గడ్డలు, చింతపండు లాంటి చిన్నతరహా ఫలసాయం మీద హక్కు ఉందని ఒప్పుకుంది. వేట హక్కు మాత్రం లేదని అందులోనే రాసిపెట్టింది. పులి బతకాలని మేమూ అంటాం. అడవిని లారీలకెత్తి అమ్ముకున్నది ఎవరో, ఉడుముని పట్టి కేసులో ఇరుక్కున్నది ఎవరో లెక్క తీసి మాట్లాడమంటాం.

తుపాకీ సంగతి చూస్తే కులం ఇంకా బాగా కనపడుద్ది. 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణ కోసం నాటు తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఉంది. మంచిదే, పందులు పంట తింటాయి. కానీ పంట రక్షణ లైసెన్సు కావాలంటే ముందు పంట ఉండాలి, పంట ఉండాలంటే భూమి ఉండాలి. భూమి ఎవరికుంది? కాబట్టి తుపాకీ ఎవరికుంది? ఇంతకు మించి వివరించక్కర్లేదు.

ఇది ఇవాళ మొదలైంది కాదు. 1857 తిరుగుబాటుతో బెదిరిన తెల్లోడు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి దేశంలో జనం చేతుల్లో కత్తీ, బల్లెం, బాణంతో సహా లైసెన్సు కిందికి తెచ్చాడు. తెల్లవాళ్లకీ, సంస్థానాధీశులకీ మినహాయింపు పెట్టాడు. దానికంటే ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశాక ఎరుకలోళ్లని స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు పట్టీ వేశారు. పుట్టిన బిడ్డ కూడా నేరస్థుడే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. కానీ ఇప్పటికీ ఎరుకల కుర్రోడి మొలలో వెదురు చీల్చే కత్తి కనపడితే జరిగేదేంటో మీకు తెలుసు.

తెల్లోడికంటే ముందు మన ధర్మశాస్త్రాలున్నాయి. 1936లో బాబాసాహెబ్ అంబేద్కర్ లాహోర్ సభ కోసం రాసి, వాళ్లు రద్దు చేస్తే పుస్తకంగా అచ్చేసిన 'కుల నిర్మూలన'లో ఈ విషయం సూటిగా చెప్పారు. ఇంత అన్యాయాన్ని ఇంతకాలం కిందికులాలు ఎందుకు భరించాయంటే, చదువూ ఆయుధమూ రెండూ వాళ్లకి నిషేధించారు కాబట్టి అన్నారాయన. నాగలి పట్టొచ్చు, కత్తి పట్టరాదు. ఏకలవ్యుడి దగ్గర తీసుకుంది బొటనవేలు అని గుర్తుంది కదా. విల్లుకే కాదు, కొడవలి పట్టడానికైనా, కలం పట్టడానికైనా ఆ వేలే కావాలి.

కొందరికి మాత్రం ఈ దేశం మినహాయింపులు ఇస్తూనే ఉంది. సిక్కు సోదరుల కిర్పాణ్ వాళ్ల మతంలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం ఒప్పుకుంది. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగమే, మేం దాన్ని గౌరవిస్తాం. కొడగు జాతివాళ్లకి, అక్కడి జమ్మా భూములున్నోళ్లకి తుపాకీ లైసెన్సే అక్కర్లేదని తెల్లోడు ఇచ్చిన మినహాయింపుని 2019లో కేంద్ర ప్రభుత్వం 2029 దాకా పొడిగించింది. ఒకరికి ఆయుధం మతం, ఒకరికి ఆయుధం వంశ గౌరవం. మనకేమో కూరగాయల కత్తికి కూడా సంజాయిషీ.

ఇప్పుడు చట్టంలో మనకి పనికొచ్చే ముక్క చెబుతాం, శ్రద్ధగా వినండి, చదువుకున్న పిల్లలు రాసుకోండి. 1959 చట్టం ఆయుధం అంటే ఏమిటో చెబుతూ, ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే తయారుచేసిన వస్తువులు ఆయుధాలు కావని స్పష్టంగా రాసింది. దానికి ఉదాహరణ ఏం ఇచ్చారో తెలుసా? లాఠీ! చేతికర్ర కూడా. లాఠీ ఇంటి వస్తువని చట్టంలో ఉంది కాబట్టి లాఠీ దెబ్బలు తిన్నోళ్లంతా అది ఇంటి విషయం అనుకోవాలేమో. సరే, నవ్వింది చాలు. నిబంధనల్లో ఇంకో లెక్క ఉంది. అలుగు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆ కత్తి పదునైన ఆయుధాల పట్టీలోకి పోతది. కానీ ఇంటికీ, వ్యవసాయానికీ, శాస్త్ర పరిశోధనకీ, పరిశ్రమకీ చేసినవి ఈ లెక్కలోకి రావని అందులోనే ఉంది. మన కొడవలి 9 అంగుళాలు దాటినా వ్యవసాయ పనిముట్టే. రంపె, గీతకత్తి, వెదురుకత్తి వృత్తి పనిముట్లు. ఇంకో సంగతి, ఇలాంటి కత్తులకి లైసెన్సు కావాలంటే ఆ ప్రాంతం పేరుతో 4వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇచ్చి ఉండాలి. మీ కుర్రోడి మీద ఆయుధాల కేసు పెడితే, ఆ నోటిఫికేషను ఏదో చూపించమని అడగమని వకీలుకి చెప్పండి. చాలామంది వకీళ్లు అడగరు.

ఒక లోపం కూడా గమనించండి. ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ అని నాలుగు మాటలు రాశారు కానీ వేట అనే మాట అందులో లేదు. వేటకొడవలి అని మనం అలవాటుగా పిలిచే కత్తితో జీవితమంతా కంపలే కొట్టి ఉండొచ్చు. పంచనామాలో "వేటకొడవలి" అని పడితే దాని అర్థం మారిపోద్ది. సీమలో ముఠా కక్షల పుణ్యమా అని ఆ మాట వింటేనే జడ్జికి కూడా నెత్తురు కనపడుద్ది. ఆ ముఠాల్లో కొడవలి పట్టి చచ్చినోళ్లు, జైలుకి పోయినోళ్లు ఎవరో, మేడ మీద కూర్చుని పేరు సంపాదించింది ఎవరో సీమ నుంచి వచ్చిన అన్నలకి మేం చెప్పక్కర్లేదు.

మారణాయుధాల గురించి మనకి నీతులు చెప్పేవాళ్లకి రెండు ఊళ్లు గుర్తు చేద్దాం. కారంచేడులో మనోళ్లు మంచినీళ్లు తాగే చెరువుని గేదెల కుడితితో పాడుచేస్తుంటే ఇదేంటని అడిగిన పాపానికి కొట్టబోతే, ఒక మాదిగ తల్లి అడ్డంగా ఎత్తింది కత్తి కాదు, నీళ్ల బిందె. ఆ బిందెకి జవాబుగా 1985 జూలై 17న గొడ్డళ్లూ బరిసెలూ పట్టుకుని మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లని పొలాల్లో తరిమి తరిమి వేటాడారు. ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవల పాలు చేశారు. వేట అంటే అది! 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ గొడ్డళ్లూ ఆ బరిసెలూ దాడికి ముందు ఏ ఇళ్లల్లో ఉన్నాయి? ఆ ఇళ్ల ముందు ఏ జీపు ఆగింది?

ఆ నెత్తురులోంచే 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 1995 నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల్లో మూడోది ఎంతమంది చదివారు? దాడి జరిగే ప్రమాదం ఉన్న ఊళ్లని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అవసరమైతే అక్కడ దళితేతరుల ఆయుధ లైసెన్సులు రద్దుచేసి తుపాకుల్ని సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. ఆఖరికి, ప్రాణరక్షణకి అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు కూడా ఇవ్వొచ్చు. ఇది మేం చెప్పే తీవ్రవాదం కాదు, భారత ప్రభుత్వ గెజిట్. అయితే గెజిట్‌లో రాసింది పెద్దాసామి తుపాకీ తీసుకోమని, ఊళ్లో జరుగుతున్నది మన కొడవళ్లు ఎత్తుకుపోవడం. మనకి తుపాకులు కావాలని మేం అనడంలేదు. మూడో నిబంధనలో మొదటి సగం అమలైతే రెండో సగం మనకి అవసరమే ఉండదు.

తమ్ముళ్లకి ఒక మాట. కోపం రావొద్దు. పుట్టినరోజు కేకుని తల్వారుతో కోసి ఫోన్లో పెట్టుకుంటున్నారు. కత్తి నోట్లో కరిచి ఫోటో దిగుతున్నారు. అది సినిమా హీరో చేస్తే విజిల్, నువ్వు చేస్తే కేసు. నీ తాత మొలలో కత్తికి వంద పనులున్నాయి, నీ చేతిలో తల్వారుకి ఒక్క పనీ లేదు. పనిలేని కత్తిని చట్టమూ కాయదు, సంఘమూ కాయలేదు. జాతరకీ, తిరనాళ్లకీ, పంచాయితీకీ కత్తితో పోవద్దు. చేలోంచి నేరుగా పంచాయితీకి రావాల్సొస్తే కొడవలి ఇంట్లో పెట్టి రండి, పది నిమిషాలు ఆలస్యమైనా పర్లేదు. మనం అత్యాచార కేసు పెట్టిన మర్నాడే వాళ్లు కౌంటరు కేసు పెడతారు, అందులో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: "కత్తులతో మా మీదికి వచ్చారు". ఆ వాక్యానికి మనం ఫోటో ఇవ్వకూడదు.

ఇక కార్యకర్తలు చేయాల్సిన పని. పోలీసులు పల్లెలో సోదా చేస్తే వస్తువుల జాబితా రాయించండి, నకలు అడిగి తీసుకోండి, అది మన హక్కు. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నేర ప్రక్రియ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 105వ సెక్షను ప్రకారం సోదానీ స్వాధీనాన్నీ వీడియో తీయాలి. తీస్తున్నారా లేదా చూడండి. పంచనామాలో "మారణాయుధం" అని రాయబోతే, కొడవలిని కొడవలి అని, కత్తిపీటని కత్తిపీట అని రాయమనండి. అది ఏ పనికి వాడతారో, ఎవరి ఇంట్లో ఎక్కడ దొరికిందో రాయమనండి. రాయకపోతే ఆ రోజే ఎస్పీకి, కలెక్టరుకి రిజిస్టరు పోస్టులో రాసి రసీదు దాచండి. 144 సెక్షను పెట్టారని చెబితే, కొత్త చట్టంలో అది 163, ఉత్తర్వు కాపీ అడగండి. ఎక్కడిదాకా ఉంది, ఎన్నాళ్లు ఉంది చూడండి. కోతల రోజుల్లో పదునైన వస్తువులన్నీ నిషేధం అని ఉంటే కూలికి పోయే కొడవళ్ల సంగతేంటని తహసీల్దారుకి ఆడోళ్లంతా కలిసి అర్జీ పెట్టండి. బైండోవరు పేరుతో స్టేషనుకి పిలిస్తే ఒక్కరే పోవద్దు. అబద్ధపు కేసని తేలితే అత్యాచార నిరోధక చట్టం మూడో సెక్షను, (1)(పి) కింద అది కూడా నేరమే, ఫిర్యాదు చేయొచ్చు.

ఒక నోటుపుస్తకం పెట్టండి. పల్లెలో ఏ ఇంట్లో ఏ వృత్తి పనిముట్లు ఉన్నాయో, ఎవరు చేసిచ్చారో, ఎన్నేళ్ల నుంచి ఉన్నాయో రాయండి. ఆరె, రంపె ఇంకా దాచుకున్న ముసలాళ్ల దగ్గర కూర్చుని వాటి పేర్లూ వాడకమూ అడిగి రాసుకోండి. ఆ పుస్తకాన్ని సర్పంచుకో, పంచాయతీ కార్యదర్శికో చూపించి సంతకం తీసుకోండి. ఇవ్వనంటే ఇవ్వలేదని తేదీ వేసి రాయండి. వచ్చే నెల మీటింగుకి ఎవరి ఊరి పుస్తకం వాళ్లు తెండి.